నురుగును గూర్చి: పైమూత ఉతుకు యంత్రములపై ఒక పరిశీలన

బట్టలుతుకు నీటిలో నురుగు ఎంత ఎక్కువగా లేచినచో బట్టలు అంత తెల్లబడునని మనలో పెక్కుమంది నమ్మకము. అది వట్టి భ్రమయని ఒక్క మాటతో కొట్టివేయుట సులభమే గాని న్యాయము కాదు. ఒకప్పుడది నిజము. అది ఎప్పటివరకు నిజమైయుండెను, ఎప్పటినుండి కాకపోయెను, కాకపోయినను మన చేతులు దానినేల విడువలేదు అను విషయమును ఈ వ్యాసమునందు పరిశీలింపదలచితిమి. ఇందుకు ప్రేరణ మాకు గ్రంథాలయమున లభింపలేదు. మన వసతిగృహపు స్నానశాలల ప్రక్కనున్న చిన్నగదిలో లభించినది.

ఆ గదిలో ఒక పాత ఉతుకు యంత్రము కలదు. విదేశమున చిరకాలము ఉద్యోగము చేసి వచ్చిన ఒక పూర్వవిద్యార్థి దానిని వసతిగృహమునకు బహూకరించెను. పైనుండి మూత తెరచి బట్టలు వేయవలెను. నడుమ కవ్వమువంటి నిలువు స్తంభము. మెరయు అంకెల తెర, పలుకు గంటలు లేవు. చేతితో త్రిప్పెడి గడియారపు బిరడా ఒక్కటే. నలువది ఏండ్లు పైబడిన ఆ యంత్రము రెండేండ్లపాటు మనకు ఏ పేచీయు లేక పనిచేసెను. గడచిన వర్షాకాలమునుండి మాత్రము బట్టలు పిండవలసిన సమయమున మూల్గి ఆగిపోవసాగెను. పది పదునైదు నిమిషములు గడచిన పిమ్మట ఎవరును తాకకయే తనంత తాను మరల కదలుచుండెను. దయ్యము పట్టినదని కొందరు హాస్యమాడిరి. మరమ్మతుదారుడు రెండుసార్లు బెల్టు మార్చి డబ్బు తీసికొనిపోయెను. యంత్రమును కనిపెట్టియుండు వృద్ధ ఉద్యోగి, మనమందరము చాచా అని పిలుచునాయన, దానిని మోటుగా వాడి చెడగొట్టెనని భావించి, ఆ ఖర్చును ఆయన జీతమునుండి నెలనెల మినహాయించుటకు నిర్ణయము జరిగెను.

“పౌడరు మీరేస్తరు బాబూ, మాట నాకొస్తది” అని ఆయన ఒకనాడు మాతో అనెను. రసాయనశాస్త్రము చదువుచున్న మాకు ఆ మాట పరీక్షలోని ప్రశ్నకంటె కష్టముగా తోచినది.

మొదట నురుగనగా ఏమో చూతము. నీటి పైభాగము బిగించి లాగిన పొరవలె ప్రవర్తించును. దీనినే తలతన్యత యందురు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద స్వచ్ఛమైన నీటి తలతన్యత సెంటీమీటరునకు సుమారు 72 డైనులు. సబ్బుగాని డిటర్జెంటుగాని కలిపినచో అది 30 డైనుల దాపునకు దిగును. సబ్బు అణువునకు ఒక కొన నీటిని కోరును, మరియొక కొన నీటిని విడిచి నూనెను, గాలిని ఆశ్రయించును. నూనెను పట్టిన అణువు మురికిని విడదీయును. గాలిని పట్టిన అణువు బుడగకు గోడయగును. పని ఒకటి, ప్రదర్శన మరియొకటి; రెండును ఒకే అణువు లక్షణములు గావున మనము ఒకదానిని చూచి రెండవదానిని ఊహించుచున్నాము. ఒక పరిమితి దాటిన పిమ్మట ఎంత పొడి పోసినను తలతన్యత ఇక తగ్గదు. నురుగు మాత్రము మరింత దట్టమై, మరింతసేపు నిలుచును.

ఇక ఆ నమ్మకము నిజమైన కాలమును గూర్చి. సబ్బు కఠినజలములో పడినపుడు అందలి కాల్షియం, మెగ్నీషియం లవణములతో కలిసి తెల్లని తెట్టుగా మారును. ఆ లవణములు తీరువరకు వేసిన సబ్బంతయు వ్యర్థమే. నురుగు రాదు, మురికి పోదు. లవణములు తీరిన పిమ్మట వేసిన సబ్బే నురుగునిచ్చును, అదియే బట్టలను శుభ్రపరచును. కనుక సబ్బుతో ఉతుకువారికి నురుగు నిలిచినదనగా సబ్బు చాలినదని అర్థము. మన అమ్మమ్మలు, నానీలు తొట్టిలో చేయిపెట్టి నురుగు చూచి సబ్బు చాలునా చాలదా అని చెప్పినపుడు వారు ప్రయోగశాలలో మనము చేయు అంశమాపనమునే చేసిరి. ప్రామాణిక సబ్బు ద్రావణముతో నీటి కాఠిన్యమును కొలుచు పాత పద్ధతికి ఆధారమదియే: నురుగు నిలిచిన బిందువే అంత్యబిందువు. (కుంకుడుకాయ సంగతి వేరు. దానిలోని సాపోనినులు కఠినజలములోను నురుగునిచ్చును. ఆ ముచ్చటకు మరియొక వ్యాసము కావలెను.)

అమెరికాలోను ఇదియే వరుస. అయోవా రాష్ట్రమునందలి న్యూటన్ పట్టణమున మేటాగ్ సంస్థ 1922లో తెచ్చిన యంత్రమునకు ‘జైరాఫోమ్’ అని పేరు. అనగా యంత్రము పేరులోనే నురుగు చేరినది. అది బట్టలను రబ్బరు రోలర్ల నడుమ నొక్కి పిండెడి తరహాది. ఇట నొక విషయమును గమనింపవలెను. అట్టి యంత్రములో తొట్టి తిరుగదు. నురుగు ఎంత వచ్చినను పైకి పొంగి నేలపై పడును, గృహిణి తుడుచుకొనును, అంతటితో సరి. నురుగు యంత్రమును ఆపునను అనుమానము ఎవరికిని కలుగుటకు అవకాశమే లేదు. బండపై ఉతికి చేతితో పిండిన మనకును అంతే. చాకిరేవులో నురుగువలన ఏ బండయు విరిగియుండదు గదా!

తిరుగుట ద్వారా పిండు యంత్రములు వచ్చిన తరువాత కథ మారినది. ముందునుండి బట్టలు వేయు బెండిక్స్ స్వయంచాలిత యంత్రము 1937లో అమెరికా ప్రజలకు పరిచయమాయెను. పైమూత స్వయంచాలిత యంత్రములు 1947 ప్రాంతమున విరివిగా విపణిలోనికి వచ్చెను. సరిగా ఆ రోజులలోనే, 1946లో, ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ టైడ్ అను కృత్రిమ డిటర్జెంటును ప్రవేశపెట్టెను. ఇది కఠినజలములో తెట్టు కట్టదు. నురుగు ధారాళముగా నిచ్చును. క్రొత్త యంత్రము, క్రొత్త పొడి, పాత నమ్మకము ఈ మూడును ఒకే గదిలో కలిసికొనెను. చిక్కు అంతయు అక్కడనే పుట్టినది.

ఆ చిక్కును తెలిసికొనుటకు పైమూత యంత్రము లోపలి కట్టుబడి తెలియవలెను. బయటికి కనబడని తొట్టి ఒకటి, దానిలో చిల్లులుగల బుట్ట ఒకటి. బట్టలుండునది బుట్టలో, నీరు రెంటను నిండియుండును. ఉతుకునపుడు కవ్వము మాత్రమే ఇటునటు తిరుగును. పిండునపుడు నీరు తోడబడి, బుట్ట మొత్తము నిమిషమునకు సుమారు 500 నుండి 700 చుట్లు తిరుగును. అపకేంద్ర బలముచే బట్టలలోని నీరు చిల్లులగుండ వెలువడి తొట్టిగోడకు కొట్టుకొని క్రిందికి జారును. పంపు దానిని బయటికి నెట్టును. బుట్టకును తొట్టికిని నడుమ ఎడము కొలది సెంటీమీటర్లే. ఆ ఎడములో గాలి మాత్రమే ఉండవలెను. గాలి బుట్టను ఆపజాలదు.

డిటర్జెంటు అధికమైనచో ఆ ఎడములో జరుగునది వేరు. వేగముగా వెలువడిన నీటితుంపరలు గాలితో కలిసి క్షణములో నురుగగును. నీరువలె నురుగు క్రిందికి జారదు. గోడను పట్టుకొని నిలుచును. అడుగునుండి పేరుకొనుచు వచ్చి ఎడమునంతటిని నింపును. నురుగులో తొంబది వంతులు గాలియే గదా, దానికి బలమేమని అడుగవచ్చును. గిలకొట్టిన గ్రుడ్డు తెల్లసొనను చూడుడు. గిన్నె తలక్రిందులు చేసినను అది రాలదు. దట్టమైన నురుగు ఒక హద్దువరకు మెత్తని ఘనపదార్థమువలె తన రూపమును నిలుపుకొనును. ఆ హద్దు దాటి కదలినను, తనను పుట్టించిన నీటికంటె ఎన్నో రెట్లు చిక్కని ద్రవమువలె ఈడ్చును. బుట్ట చుట్టుకొలత యంతటను ఈ ఈడ్పు ఒక్కసారిగా పనిచేయును. తిరుగు చక్రమునకు నలువైపులను తడి దూది కుక్కినట్లగును. బుట్ట వేగమందుకొనలేదు. వేగము లేనిదే నీరు వెలువడదు, నీరు వెలువడనిదే బుట్ట బరువు తగ్గదు. అమెరికా మరమ్మతుదారులు దీనిని నురుగు తాళము అని పిలుతురు. తాళము వేసినట్లే యగును గనుక ఆ పేరు తగియున్నది.

అప్పుడు మోటారు ఏమి చేయును? ఈ పాత యంత్రములలోని ప్రేరణ మోటారు తన సహజవేగమునకు చేరలేకపోయినచో విద్యుత్తును అధికముగా గైకొని వేడెక్కును. బెల్టు కప్పీపై జారుచు అరగును. కాలిన రబ్బరు వాసన వచ్చును. నురుగునీరు చిప్పిలి బెల్టుపై పడినచో ఆ జారుడు మరియు ఎక్కువ. వేడి హద్దు మీరగానే మోటారులోని రక్షకపు బిళ్ళ విద్యుత్తును తెంచును. చల్లారగానే తిరిగి కలుపును. మన వసతిగృహపు దయ్యము ఇదియే! గడియారపు బిరడాను త్రిప్పు చిన్న మోటారు వేరుగా ఉండును గనుక, పెద్ద మోటారు ఆగియున్న కాలమున గూడ బిరడా తన దారిన తాను పోవుచునే యుండును. పిండు వంతు అట్లే గడచిపోవును. మోటారు మేల్కొనునప్పటికి జాడించు వంతు నడచుచుండును. కడపట మూత తెరచిన విద్యార్థికి నీరోడుచున్న బట్టలు కనబడును.

పంపు సంగతియు ఇట్టిదే. అది తన రెక్కలు త్రిప్పి ద్రవమును వెలుపలికి విసరును. ఎంత సాంద్రతగల ద్రవమైన అంత ఒత్తిడి పుట్టును. నీటి సాంద్రతలో పదవవంతైనను లేని నురుగును అదే వేగముతో విసరినచో పుట్టు ఒత్తిడియు పదవవంతే. పంపు తిరుగుచునే యుండును, గొట్టమునుండి మాత్రము ఏమియు రాదు. పాత యంత్రములలో పెక్కింట పంపును బుట్టను ఒకే మోటారు నడుపును గనుక, ఒకదాని కష్టము రెండవదానికి తప్పదు.

బట్టలకు గూడ మేలు లేదు. శుభ్రతలో సగము పని రసాయనముది, సగము పని ఒరపిడిది. నురుగు పరుపువలె బట్టలను ఎత్తిపట్టి, కవ్వము చేయు తాడనమును మ్రింగివేయును. జాడించుటలో నష్టమును ఒక చిన్న లెక్కచే చూపవచ్చును. పిండిన పిమ్మట బట్టలలో నిలిచిన ఉతుకునీరు జాడింపు నీటిలో పదవవంతు అనుకొనుడు. ఒక జాడింపుతో డిటర్జెంటు పదవవంతునకు, రెండవదానితో నూరవవంతునకు దిగును. పిండుట చెడి మూడవవంతు నీరు నిలిచినచో, రెండు జాడింపుల పిమ్మటను తొమ్మిదవవంతు మిగులును. అనగా పదకొండు రెట్లు అధికము. నిండునీటి జాడింపు ఒక్కటే గల పాత అమెరికా యంత్రములు పెక్కు కలవు. వానిలో స్థితి ఇంకను హీనము. మిగిలిన డిటర్జెంటు బట్టలలోనే ఎండి, మరుసటి ఉతుకులో మనము పొడి వేయకముందే నురుగగును. వడ్డీపై వడ్డీ పెరుగునట్లు పెరుగును. తొట్టి వెలుపలి గోడకు అంటిన జిగట మురుగు వాసననిచ్చును. క్షారగుణముగల ఆ నీరు అడుగునున్న రబ్బరు ముద్రను దాటి బేరింగులోనికి చేరినచో యంత్రమునకు ఆయువు మూడినట్లే.

తయారీదారులు దీనిని ఎరుగకపోలేదు. బట్టలను ఎత్తి నీటిలో పడవేయు ముందుమూత యంత్రములలో నురుగు బాధ మరింత తీవ్రము గావున, ‘ఆల్’ అను తక్కువ నురుగుపొడి వచ్చెను. మోన్‌శాంటో సంస్థ తయారుచేసిన ఆ పొడిని 1957లో లీవర్ బ్రదర్స్ సంస్థ కొనెను. నదులలో మరియొక గొడవ రేగినది. నాటి డిటర్జెంట్లలోని అణువుల గొలుసు కొమ్మలుగా చీలియుండుటచే సూక్ష్మజీవులు దానిని త్వరగా విడగొట్టలేకపోయెను. నదులపై నురుగు గుట్టలు తేలెను. పశ్చిమ జర్మనీ 1961లో చట్టము చేసెను. అమెరికా పరిశ్రమ 1965 నాటికి సూటి గొలుసు అణువులకు మారెను. ఇన్ని జరిగినను నురుగులేని పొడిని గృహిణులు తేలికగా నమ్మలేదు. కంటికి కనబడనిదానికి డబ్బిచ్చుట ఎవరికైనను కష్టమే. మన దేశమున 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చిననాటికి ఉతుకుట బకెట్టులోనే గనుక, నురుగును గొప్పగా చూపిన ప్రకటనలకు అడ్డు చెప్పవలసిన యంత్రము మన ఇండ్లలో దాదాపు లేదనియే చెప్పవలెను.

ఇక మేము చేసిన పని. యంత్రము రెండేండ్లు నడచి వర్షాకాలముననే ఏల ఆగెనను ప్రశ్న మమ్ములను వేధించెను. పొడి అదే, కొలత అదే, చేయి అదే. మారినదేమి? వసతిగృహపు లెక్కల పుస్తకము తిరుగవేయగా, ఆ నెలలోనే బోరునీటిని మాని కృష్ణా కుళాయినీటిని యంత్రపు గదికి మళ్ళించినట్లు కనబడెను. రెండు నీళ్ళను సీసాలలో పట్టి ఇ.డి.టి.ఏ. ద్రావణముతో కాఠిన్యము పరీక్షించితిమి. ఎరుపు రంగు నీలమగుటకు కుళాయినీటికి పట్టిన ద్రావణమునకు నాలుగింతలకు పైగా బోరునీటికి పట్టినది. (త్రాగునీటికి భారతీయ ప్రమాణము లీటరునకు 200 మిల్లీగ్రాములు, వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతి కలదు.) పిదప రెండు కొలజాడీలలో రెండు నీళ్ళు సమముగా పోసి, ఒకే తూకపు పొడి వేసి, ఇరువది మార్లు ఊపితిమి. బోరునీటిలో రెండు వ్రేళ్ళ మందము నురుగు లేచెను. కుళాయినీటిలో అది జాడీ మెడవరకు వచ్చి, మేము మధ్యాహ్న భోజనము ముగించి వచ్చువరకు అట్లే యుండెను.

కఠినజలములో నురుగు చాలక మనమే కొలత పెంచితిమి; నీరు మారినను కొలత తగ్గింపలేదు. తప్పు అందున్నది.

అయినను జాడీలోని నురుగు చూపి యంత్రమును గూర్చి తీర్పు చెప్పరాదు. ఉతికి ఆరిన తువాలు ఒకదానిని శుద్ధమైన నీటిలో పిసికితిమి. పొడి వేయకయే నురుగు వచ్చెను. ఐదు నీళ్ళకు గాని అది విడువలేదు. అటుపై మూడుమార్లు పొడి లేకుండ యంత్రమును నడిపితిమి. మొదటిమారు బుట్ట ఈడ్చుకొనుచు తిరిగెను, మూడవమారు పూర్ణవేగమందుకొనెను. పిదప పాత కొలతలో నాల్గవవంతు పొడితో ఉతికితిమి. బట్టలు తెల్లగనే వచ్చెను, యంత్రము ఎచ్చటను ఆగలేదు.

చివరి ప్రయోగము మిగిలెను. పాత కొలత మరల పోసి యంత్రము ఆగునో లేదో చూడవలెను. అది లేనిదే మిగిలినదంతయు ఊహయే. చాచా ఒప్పుకొనలేదు. “మళ్ళ బెల్టు పోతే ఎవరిస్తరు?” అని అడిగెను. ఆ ప్రశ్నకు మావద్ద శాస్త్రీయమైన జవాబు లేదు. నష్టమైనచో మేమే చెల్లింతుమని కాగితముపై వ్రాసి, నలుగురము సంతకములు చేసి ఆయన చేతికిచ్చితిమి. ఆయన దానిని మడిచి జేబులో పెట్టుకొని, తానే బిరడా త్రిప్పెను. పిండు వంతు మొదలైన రెండు నిమిషములలో బుట్ట మందగించెను, బెల్టు కీచుమనెను, మూత సందులనుండి నురుగు వెలువడెను. వెంటనే మీట నొక్కి ఆపితిమి. బెల్టుకు ఏమియు కాలేదు.

నురుగు మీరినపుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు మాకు దొరికిన జవాబు కొంత వింతయైనది. స్నానపు సబ్బును సన్నగా తురిమి, రెండు చెంబుల బోరునీటితో కలిపి తొట్టిలో పోసినచో డిటర్జెంటు నురుగు చప్పున అణగును. సబ్బు కఠినజలములోని కాల్షియంతో కలిసి ఏర్పడిన తెట్టు బుడగల గోడలను చీల్చును. పూర్వము సబ్బునకు శత్రువైన తెట్టు ఇక్కడ మిత్రుడాయెను! అయితే ఆ తెట్టును గూడ మరల జాడింపవలసియుండును గనుక దీనిని ఆపద్ధర్మముగనే వాడవలెను. ఈనాటి ఎలక్ట్రానిక్ యంత్రములలో కొన్ని నురుగును తామే గుర్తించి వేగము తగ్గించి మరల నీరు తీసికొనును. గడియారపు బిరడా యంత్రమునకు ఆ తెలివి లేదు, ప్రక్కనున్న మనిషికే ఉండవలెను. తక్కువ నురుగునిచ్చు హెచ్.ఇ. గుర్తు డిటర్జెంట్లు క్రొత్త యంత్రములకై వచ్చినవైనను పాతవానికిని పనికివచ్చును. పాత యంత్రములను ప్రీతితో కాపాడుకొనువారు వానిని వాడుచున్నారు.

మా కొలతలన్నియు తేదీలతో వ్రాసిన ప్రయోగ పుస్తకమును, సంతకముల కాగితపు నకలును కళాశాల కమిటీవారికి సమర్పించితిమి. ఈ సంచిక అచ్చుకు పోవునాటికి చాచా జీతమునుండి రెండు నెలల మినహాయింపు జరిగియున్నది. మూడవ నెలది నిలుపుదల చేసి, విషయము రాబోవు సమావేశమున పరిశీలింతుమని తెలిపియున్నారు. పోయిన రెండింటిని గూడ తిరిగి ఇప్పింపవలెనని ఇందుమూలముగ మనవి చేయుచున్నాము. ఆ పొడి పోసినవారిలో మేమును ఉన్నాము గావున, ఆ మొత్తమును వసతిగృహ విద్యార్థులు పంచుకొనుటకు మాకు అభ్యంతరము లేదు.

యంత్రపు గదిలో ఇప్పుడు పొడి డబ్బాకు తాళము కలదు. తాళపుచెవి చాచావద్ద ఉండును. ఎర్రరంగుతో గీత గీచిన టీ గ్లాసు ఒకటి కిటికీలో ఉన్నది. గీతకు పైన పొడి పోయుమని బ్రతిమాలినను ఆయన పోయడు.